గోడకి రాసుకుంటూ గెలిస్తే తప్పేమిటండీ?

పుచ్చకాయలు పండించే ఇంట్లో పుట్టిన కుర్రాడు కారుని గోడకి ఆనించి, రాసుకుంటూ పోయి, ఒక్క ల్యాప్‌లో ఐదుగురిని దాటేశాడు. నమ్మరూ? వీడియో ఉంది, చూసుకోండి. ఒక్కసారి చూసి ఆపగలిగితే మీకో దండం. నా వల్ల కాలేదు. ఆపాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఎవరా కుర్రాడంటారా? రాస్ చాస్టెయిన్. ఫ్లోరిడావాడు. తరతరాలుగా పుచ్చతోటల కుటుంబం. రేసు గెలిస్తే కారెక్కి నిలబడి పుచ్చకాయ నేలకేసి కొడతాడు. ఆ పండు వృథా కదా అని నాకు ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. సరే, ఆయన పండు, ఆయన ఇష్టం.

2022 అక్టోబర్ 30న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్ మీద నాస్కార్ పోటీ, అంటే అమెరికావాళ్ల స్టాక్ కార్ల పందెం. చిన్న ట్రాక్ అది. చుట్టు తిరిగితే అర మైలు పైచిలుకు. రెండు తిన్నని దారులు, చివర రెండు ఇరుకు మలుపులు, అంతే. ఆఖరి ల్యాప్‌లో మనవాడు పదో స్థానంలో ఉన్నాడు. సీజన్ ఫైనల్‌కి చేరాలంటే ఇంకో రెండు స్థానాలు కావాలి. మామూలుగా నడిపితే దాటే దారి లేదు. అందరూ మలుపు దగ్గర బ్రేకు తొక్కారు. ఈయన ఐదో గేరు వేసి, యాక్సిలరేటర్ అణిచిపెట్టి, కుడిపక్క గోడకి కారుని అప్పగించి, స్టీరింగ్ దాదాపు వదిలేశాడు!

పదో స్థానం నుంచి గీత దాటేసరికి ఐదు. తర్వాత ముందున్న ఒకరిపై అనర్హత వేటు పడి నాలుగయింది. ఆ ల్యాప్‌కి పట్టిన సమయం 18.845 సెకన్లు. ఆ ట్రాక్ మీద స్టాక్ కార్లు తిరిగిన చరిత్ర మొత్తంలో అంత వేగంగా ఎవరూ తిరగలేదు. రేసు గెలిచినాయన క్రిస్టఫర్ బెల్. పాపం, ఆయన గెలిచాడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది చెప్పండి?

అసలు ముచ్చట కారు దిగాక. ఇదెక్కడ నేర్చావయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? చిన్నప్పుడు తమ్ముడు చాడ్‌తో గేమ్‌క్యూబ్‌లో ‘నాస్కార్ 2005’ ఆడేవాడట. అందులో గోడకి రాసుకుంటూ పోతే చెల్లిపోయేదట. నిజంగా పనిచేస్తుందో లేదో ఆ క్షణం దాకా తనకీ తెలియదట.

ఇప్పుడు చెప్పండి. వీడియో గేములు ఆడితే ఏమొస్తుందిరా అని పిల్లల్ని తిట్టిన పెద్దలంతా ఎక్కడున్నారు?

ఈ గోడ విద్య ఆటల్లో చాలా పాతది. మీకూ తెలుసు. బుకాయించకండి. మలుపొచ్చింది, బ్రేకు గుర్తులేదు, కారు వెళ్లి గోడకి తగిలింది, తగిలిన ఊపులోనే తిరిగి రోడ్డెక్కింది. పైగా ముందున్నవాడు వెనకబడ్డాడు! మర్నాటి నుంచి అదే పద్ధతి. పోటీగా ఆడేవాళ్లు దీన్ని ఎక్స్‌ప్లాయిట్ అంటారు. ఓడినవాళ్లు మోసం అంటారు. చేసేవాళ్లు నైపుణ్యం అంటారు. తయారుచేసినవాళ్లు ‘తర్వాతి ప్యాచ్‌లో చూస్తాం’ అంటారు.

ఇంతకీ గోడ ఎందుకు పనిచేస్తుంది? కారు మలుపు తిరగాలంటే ఏదో ఒకటి దాన్ని పక్కకి, మలుపు లోపలికి నెట్టాలి. ఆ పని టైర్లది. టైరు పట్టుకి హద్దుంది. వేగం రెట్టింపైతే అదే మలుపులో కావలసిన నెట్టుడు నాలుగింతలవుతుంది. అందుకే బ్రేకు. పక్కన గోడ ఉందనుకోండి, నెట్టే పని గోడ పుచ్చుకుంటుంది. గోడ జారదు, అరగదు, వేడెక్కదు. రాపిడికి కాస్త వేగం పోతుంది, నిజమే. ఆట రాసేవాళ్లు ఆ రాపిడిని తక్కువ కట్టేవారు. దెబ్బని మరీ తక్కువ కట్టేవారు. అక్కడ దొరికింది సందు.

చాస్టెయిన్ కంటే ముందు ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2008లో కాన్సస్ ట్రాక్ మీద కార్ల్ ఎడ్వర్డ్స్ ఆఖరి ల్యాప్‌లో జిమ్మీ జాన్సన్‌ని దాటాలని ఇలాగే దూకించాడు. దాటాడు కూడా. మరుక్షణం గోడకి కొట్టుకున్నాడు, జాన్సన్ చక్కా పోయి గెలిచాడు. ఆయన కూడా వీడియో గేము పేరే చెప్పాడు. 2021లో డార్లింగ్టన్‌లో కైల్ లార్సన్‌దీ అదే తంతు, అదే ఫలితం. ఈ లార్సనే మార్టిన్స్‌విల్ సంగతి చూసి, ఇది మన క్రీడకి పరువు తక్కువ అన్నాడు. పనిచేయనన్నాళ్లూ సాహసం, పక్కవాడికి పనిచేస్తే పరువు తక్కువ! లోకం తీరే అంత లెండి. ఆయన తన డార్లింగ్టన్ గొడవ కూడా ఒప్పుకున్నాడు కాబట్టి క్షమించేద్దాం.

ఇక్కడ నాకు భలే సరదా వేసే విషయం ఒకటుంది. ఇన్నాళ్లూ మనం గోడ విద్యని ‘అబద్ధపు ఫిజిక్స్’ అన్నాం కదా? ఫిజిక్స్ అబద్ధం కాదని తేలింది. గోడ నెట్టింది, కారు తిరిగింది, గడియారం ఒప్పుకుంది. నిజమైన రేసుల్లో దీన్ని మామూలుగా ఎవరూ చేయకపోవడానికి కారణం బలాల లెక్కలో లేదు, బిల్లులో ఉంది. కారు నుజ్జవుతుంది. దాని ఖర్చు ఎవరో కట్టాలి. గోడలో ఎక్కడైనా గేటు అంచు తగిలితే మనిషే మిగలడు. అవతల జనం కూర్చుని ఉంటారు. ఆటలో ఇవేవీ ఉండవు. తొంభైల చివర్లో కంప్యూటర్ సెంటర్లో గంటకింత అని కట్టి ‘రోడ్ రాష్’ ఆడినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. బండి మీంచి ఎగిరిపడ్డవాడు లేచి, మళ్లీ బండి దగ్గరికి పరిగెత్తేవాడు. ఎముక విరగదు. కట్టు లేదు. ఇంట్లో తిట్లు అసలే లేవు. ఆట తప్పు కట్టింది ఆ బిల్లునే.

నాస్కార్ కూడా అక్కడే పట్టుకుంది చూడండి. ఆ రోజు ఫలితాన్ని కదపలేదు. కొత్త నిబంధన కూడా రాయలేదు. 2023 జనవరి ఆఖర్లో, భద్రతకి సంబంధించిన పాత నిబంధన ఒకటుంది, ఇకమీద ఎవరైనా ఇలా చేస్తే దాని కింద సమయం జరిమానా వేస్తాం అని చెప్పింది. అంటే ప్రకృతి ఒప్పుకున్నదాన్ని పెద్దమనుషులు కూర్చుని వద్దన్నారు. గోడ ఊరికే వస్తోందనుకున్నారు కదా, ఇదిగో బిల్లు అన్నారు.

మన హైదరాబాద్‌లో అయితే? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, దారి పొడుగునా గోడలే. అక్కడ ఎవరైనా ఈ వేషం వేస్తే చక్రం ఊడి చేతికొచ్చేది. చక్రాలు బయటికి ఉండే కార్లవి. గోడని ముద్దుపెట్టుకుంటే సస్పెన్షన్ విరగడం ఖాయం. బిల్లు అక్కడికక్కడే.

సిమ్ రేసింగ్ వాళ్లతో, అంటే నిజం కారుని అచ్చంగా అనుకరించే ఆటలవాళ్లతో, ఎప్పుడైనా కూర్చున్నారా? కూర్చోవాలి. స్టీరింగ్ మోటారు ఎన్ని న్యూటన్ మీటర్లు లాగుతుందో చెబుతారు. బ్రేకు పెడల్ ఎంత తొక్కితే ఎంత లొంగుతుందో చెబుతారు. అక్కణ్ణించి టైర్ ప్రెషర్ మీదికొస్తారు. ఈలోగా మీ కాఫీ చల్లారుతుంది, టైర్ వేడెక్కుతుంది. నిజమైన కారుకి వీసమెత్తు తేడా ఉండకూడదంటారు. ఇంత నిజం కావాలనే మనుషులే ఇంట్లో అందరూ పడుకున్నాక, నిజంలో లేని సందు ఈ ఆటలో ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చుంటారు. మీరు ఆ బాపతేనా? అయితే ఇంకాస్త దగ్గరికి రండి, చెబుతా.

1998లో పపైరస్ కంపెనీ ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ అనే సిమ్ తెచ్చింది. 1967 నాటి ఫార్ములా వన్ కార్లు. రెక్కల్లేవు, నేలకి అదిమిపెట్టే గాలి లేదు. సూటి దారిలో కూడా తిన్నగా పోనిచ్చేవి కావు ఆ మాయదారి కార్లు. ఎంత కష్టమో అంత ప్రేమ జనానికి. మరి పోటీవీరులు ఏం చేశారు? సెటప్‌లో కారుని రోడ్డు నాకేంత కిందికి దించేశారు. నిజం రోడ్డయితే అడుగు భాగం నిప్పులు చిమ్మాలి. ఆటకి ఆ సంగతి అంతగా పట్టలేదు. కారు కిందికి దిగింది, మలుపుల్లో నిలకడ పెరిగింది. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో కనీస ఎత్తు పెంచారు. పాతకాలం కారుని పాతకాలంలా నడపాలన్న చాదస్తులు హమ్మయ్య అనుకున్నారు. ఆ చాదస్తమంటే నాకు గౌరవమేనండోయ్.

ఇంకో పక్క చూడండి. ‘ట్రాక్‌మేనియా’ అని ఉంది, ఫ్రాన్స్‌లో నాదియో వాళ్లు 2003లో మొదలుపెట్టిన ఆట. కారు గోడలెక్కుతుంది, తలకిందులవుతుంది, ఆకాశంలోకి లేస్తుంది. అందులో ఊబర్‌బగ్ అని ఒకటుంది. ఫలానా అంచుకి, ఫలానా కోణంలో, ఫలానా వేగంతో తగిలితే కారు ఉన్నట్టుండి తుపాకీ గుండైపోతుంది. ఎటు పోతుందో పైవాడికే ఎరుక. నోస్‌బూస్ట్ అని మరొకటి. కారు ముక్కుని నేలకి ఆనిస్తే వేగం పెరుగుతుందండీ! ముక్కు నేలకి రాస్తే నిజంగా ఎవరికైనా వేగం పెరుగుతుందా? అక్కడ పెరుగుతుంది. దాన్ని లొంగదీసుకోడానికి జనం రాత్రుళ్లు ధారపోశారు. కుదిరిననాడు పండగ చేసుకున్నారు. ఎవరూ మోసం అనలేదు. ఎందుకంటే ఆ ఆటకి ఎవరూ నిజం కోసం రాలేదు. పైగా అక్కడ చాలా పోటీల్లో ఒకరి కారు మరొకరికి తగలదు, లోంచి పోతుంది. మీ బగ్గు వల్ల పక్కవాడి బంపర్ ఊడదు.

అదే ట్రాక్‌మేనియా లోకంలో 2021లో ఇంకో సంగతి బయటపడింది. కొందరు ఆటనే నెమ్మదింపజేసి, తీరిగ్గా నడిపి, దాన్ని మామూలు వేగపు రికార్డుగా చూపించారు. ఎప్పుడు ఏ మీట నొక్కారో రీప్లేలో రాసే ఉంటుంది కాబట్టి లెక్క తీస్తే దొరికిపోయారు. ముక్కు మీద నడిపినవాణ్ణి నెత్తిన పెట్టుకున్న జనమే వీళ్ల రికార్డుల్ని తుడిచేశారు. తేడా తెలిసిందా? బగ్గు అందరి ఆటలోనూ ఉంది. మీరూ నేర్చుకోవచ్చు, నేనూ నేర్చుకోవచ్చు. నెమ్మదింపజేసిన గడియారం వాడొక్కడి ఇంట్లో ఉంది.

అలాంటిదే ఇంకోటి. 2020లో కరోనా తలుపులు మూయించినప్పుడు ఫార్ములా ఈ వాళ్లు ఇంటి నుంచే పందేలు పెట్టారు. డేనియల్ ఆబ్ట్ అనే డ్రైవరు తన పేరు మీద ఒక సిమ్ నిపుణుణ్ణి కూర్చోబెట్టాడు. బయటపడింది. పదివేల యూరోల జరిమానా, ఆడి జట్టులో సస్పెన్షన్. ఫిజిక్స్ పాపం అందులో ఏమీ లేదు. దాన్ని మోసం అనే అనాలి, వేరే పేరు వెతకనక్కర్లేదు.

పాము నడక సంగతి చెప్పలేదు కదూ? మరిచిపోతే మా మేనల్లుడు ఊరుకోడు. 2003లో ‘ఎఫ్-జీరో జీఎక్స్’, 2005లో ‘మారియో కార్ట్ డీఎస్’. రెండింట్లోనూ మలుపులో జారితే వచ్చే బూస్టుని జనం తిన్నని రోడ్డు మీదే పిండుకున్నారు. ఎడమకి జారు, కుడికి జారు, మళ్లీ ఎడమకి. తిన్నగా పోయేవాడు వెనక, వంకర్లు పోయేవాడు ముందు! బొటనవేళ్లు వాచిపోయేవి. ఆన్‌లైన్‌లో తెలియనివాడితో ఆడుతుంటే వాడు పాములా మెలికలు తిరుగుతూ మాయమైపోయేవాడు. ఇది నైపుణ్యమా, అఘాయిత్యమా? వాదనలు వేడెక్కాయి. 2008లో ‘మారియో కార్ట్ వీ’ వచ్చేసరికి బూస్టు లెక్కే మార్చేశారు. ఎంతసేపు జారితే అంత బూస్టు. తిన్నని రోడ్డు మీద అంతసేపు జారితే ఎక్కడుంటారు? గడ్డిలో ఉంటారు. చక్కటి వైద్యం. అయితే కొత్త ఆటలో బైకులొచ్చాయి, బైకు ముందు చక్రం గాల్లోకి లేపితే వేగం. జనం అటు తిరిగారు. నీళ్లకి దారి దొరక్కపోతుందా?

మరి న్యాయం ఎలా తేల్చాలి? మన సందులో క్రికెట్ ఎలా ఆడుకున్నాం? ఎదురింటి గోడ దాటితే ఔట్. ఒక్క పిచ్చు పడి చేతికొస్తే, ఒంటిచేత్తో పడితే ఔట్. ఇవి ఏ క్రికెట్ బోర్డు రాసింది? మనమే. బంతి పడేలోపు. ఆ తర్వాత ఎవడు ఎంత గోల పెట్టినా చెల్లదు. మారియో కార్ట్ రికార్డుల వాళ్లూ అదే చేశారు. అడ్డదారులకి ఒక జాబితా, అడ్డదారి లేకుండా నడిపినవాళ్లకి మరో జాబితా. గోడ దూకి మూడు ల్యాపులు ముగించేవాళ్లు ఒక వరసలో, బుద్ధిగా తిరిగేవాళ్లు ఇంకో వరసలో. రెండు వరసలవాళ్లూ ఒకరి విద్యకి ఒకరు నోరెళ్లబెడతారు. ఎంత హాయి!

గట్టి సిమ్ పోటీల్లో ఇంత హాయి కుదరదు. ఒకే ట్రాక్, ఒకే వరస, బంపర్‌కి బంపర్ తగులుతుంది. అక్కడ నిర్వాహకులు బిల్లుని చేత్తో రాయాల్సివచ్చింది. ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’లో గోడ తగిలితే సెకన్ల జరిమానా పడేది. ‘ఐరేసింగ్’లో రోడ్డు దిగితే ఒక పాయింటు, అదుపు తప్పితే రెండు, మరో కారుకి గట్టిగా తగిలితే నాలుగు. తప్పెవరిదో అడగరు, ఇద్దరికీ నాలుగే. ఇదెక్కడి న్యాయం అంటారా? నిజం రోడ్డు మీద కూడా వెనకవాడు గుద్దితే మీ బంపరే కదా పోయేది. మంచివాడివని అది విరగకుండా ఉంటుందా?

ఇక నిజమైన రేసులు మాత్రం ముత్యాల్లా ఉన్నాయా? 1978లో స్వీడన్‌లో బ్రాభమ్ జట్టు కారు వెనక పెద్ద పంకా బిగించింది. ఎందుకయ్యా అంటే ఇంజన్ చల్లబడటానికి అన్నారు. కారు కింది గాలినంతా లాగేసి నేలకి అతుక్కుపోయేది అది. నికి లౌడా అర నిమిషం పైగా తేడాతో గెలిచాడు. గెలుపు ఉంచారు, పంకాకి మాత్రం ఆ ఒక్క పందెంతోనే రుణం తీరిపోయింది. 1998లో సిల్వర్‌స్టోన్‌లో మైకేల్ షూమాకర్‌కి ఆగి వెళ్లాల్సిన శిక్ష పడింది. ఆయన ఆఖరి ల్యాప్‌లో పిట్ దారిలోకి వచ్చాడు. గెలుపు గీత ఆ దారిలో కూడా ఉంది. గీత దాటాడు, గెలిచాడు, ఆ తర్వాత తీరిగ్గా ఆగి శిక్ష అనుభవించాడు! ఇది ఏ వీడియో గేములో జరిగినా ‘బగ్గు, సరిచేయండి’ అని ఉత్తరాల వాన కురిసేది. సందు వెతకడం ఈ క్రీడ పుట్టుమచ్చ. కుర్చీలో కూర్చుని ఆడేవాడికే పాతివ్రత్యం ఎందుకండీ?

కాబట్టి నా తీర్పు వినండి. అడగలేదంటారా? అడక్కపోయినా చెబుతాను, పక్కింటివాళ్ల హక్కు అది. ఆట లోపల, అందరికీ అందుబాటులో ఉన్న వింత ఏదైనా సరే, దొరికినవాడిదే ఆనందం. సందు మూయాల్సింది ఆట తయారుచేసినవాడు, పందెం పెట్టినవాడు. కానీ ఒక్కటి. అందరూ కలిసి, ఈ గోడ తగిలితే నొప్పి పుడుతుంది, ఈ కారు విరిగితే డబ్బు పోతుంది అని నటిద్దామని ఒప్పుకుని కూర్చున్నచోట, మీరొక్కరే నటించడం మానేస్తే? మిగతావాళ్లు లేని బిల్లు బుద్ధిగా కడుతున్నారు. మీరు వాళ్ల విస్తట్లో తింటున్నారు. చాస్టెయిన్‌ని నేను నెత్తిన పెట్టుకునేది ఇందుకే. ఆయన బిల్లు కట్టాడు. కుడిపక్కంతా నుజ్జయిన కారులో, ఒళ్లు పణంగా పెట్టి కట్టాడు.

మరి మీకు కొత్త సందు దొరికితే ఏం చేయాలి? లీగ్ వాళ్లకి వెంటనే చెప్పాలి. వెంటనే అంటే, ఒక్క రేసు గెలిచాక. అంత మాత్రం లేకపోతే కనిపెట్టిన ఫలం ఏమిటి?

ఇన్ని తగాదాలు మనకెందుకు, ధర్మసందేహమే లేని ఆట ఒక్కటీ లేదా అంటారా? ఉంది. 2003లో వచ్చింది, ‘బిగ్ రిగ్స్’. లారీల పందెం. మీ లారీ ఇళ్ల లోంచి దూసుకుపోతుంది, ఏమీ కాదు. నిట్టనిలువు కొండెక్కుతుంది, వేగం తగ్గదు. రివర్స్ గేరులో వెళితే వేగానికి హద్దే లేదు, పెరుగుతూనే ఉంటుంది. మరి ఎదుటివాడికి అన్యాయం కాదా? కాదు. ఎదుటి లారీ కదలనే కదలదు. బయల్దేరిన చోటే నిలబడి ఉంటుంది. జనం గోల చేస్తే ప్యాచ్ ఇచ్చారు. ఇప్పుడది కదులుతుంది, గెలుపు గీత ముందు దాకా వచ్చి ఆగుతుంది. మీరు దాటేదాకా దాటదు. అంత మర్యాదస్తుడైన పోటీదారు ఏ లీగ్‌లోనైనా దొరికితే నాకు కబురు చేయండి, రాత్రికే స్టీరింగ్ బిగిస్తాను.